బ్లాసమ్ బ్లాగును సొంత సర్వర్‌లో నెలకొల్పడం ఎలా?

బ్లాసమ్ అంటే బ్లాగు నడిపే చిన్న ప్రోగ్రాం. దీనికి డేటాబేసు ఉండదు, లాగిన్ పేజీ ఉండదు, అప్‌డేట్ చేయమని పోరుపెట్టే అడ్మిన్ ప్యానెల్ అసలే ఉండదు. కొన్ని వందల వరుసల పెర్ల్ స్క్రిప్టు ఒకటి, మామూలు టెక్స్ట్ ఫైళ్లున్న ఫోల్డర్ ఒకటి, అంతే. ఎవరైనా పేజీ అడిగినప్పుడు స్క్రిప్టు ఆ ఫోల్డర్‌ను గాలించి, ఫైళ్లను కొత్తవి పైన, పాతవి కింద పేర్చి, మూసల్లో (టెంప్లేట్లలో) పోసి పంపుతుంది. రేల్ డార్న్‌ఫెస్ట్ రాసిన ఈ స్క్రిప్టు 2.0 వెర్షన్ 2003 నాటిది, 2.1 ఆ తర్వాత వచ్చింది. పాతదే, కానీ చేసే పని కొంచెమే కనుక చెడిపోయే భాగాలూ కొన్నే.

ఇక్కడ ఫైల్ సిస్టమే డేటాబేసు అన్న సంగతి మొదట మనసుకెక్కాలి. టపా శీర్షిక ఫైలు మొదటి వరుసలో ఉంటుంది. వర్గం ఫోల్డర్ పేరు నుంచి, చిరునామా ఫైలు పేరు నుంచి వస్తాయి. తేదీ అంటే ఆ ఫైలు చివరిసారి మారిన సమయం. టపా కనిపించాలా వద్దా అన్నది రీడ్ పర్మిషన్‌ను బట్టి తేలుతుంది. బ్లాసమ్‌లో తలెత్తే చిక్కుల్లో చాలామటుకు ఈ ఐదింటిలో ఏదో ఒకటి చెదిరినందువల్ల వచ్చేవే.

ఈ వ్యాసంలో కమాండ్ల పేర్లు, ఫోల్డర్ దారులు పలికినట్టుగా తెలుగులో ఉన్నాయి. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి. స్క్రిప్టు పేరు వినపడేదొకటి, రాసేదొకటి: బీ, ఎల్, ఓ, ఎస్, ఎక్స్, ఓ, ఎమ్, దాని తర్వాత చుక్క, సీజీఐ.

ముందుగా చూసుకోవలసినవి

లైనక్స్ సర్వర్, ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా లోపలికి వెళ్లే వీలు, అపాచీ 2.4 వెబ్ సర్వర్, పెర్ల్ 5 ఉంటే చాలు. అపాచీ బదులు ఎన్‌జిన్‌ఎక్స్ వాడేవాళ్లకు వేరే దారి ఉంది, అది చివర్లో వస్తుంది.

చాలామంది తొలి అడుగులోనే తట్టుకుని పడే రాయి ఒకటుంది. వెబ్ సర్వర్ ఒక ప్రోగ్రాంను నడిపి, అది ఇచ్చినదాన్ని పేజీగా పంపే పద్ధతిని సీజీఐ అంటారు. బ్లాసమ్ పెర్ల్‌లోని సీజీఐ మాడ్యూల్ మీద ఆధారపడుతుంది. ఈ మాడ్యూల్ పూర్వం పెర్ల్‌తో పాటే వచ్చేది. 2015లో వచ్చిన పెర్ల్ 5.22 నుంచి దాన్ని తీసేశారు. కాబట్టి కొత్త సర్వర్‌లో దాన్ని విడిగా పెట్టుకోవాలి. ఉందో లేదో తేల్చుకోవడానికి టెర్మినల్‌లో పెర్ల్ అని కొట్టి, ఖాళీ వదిలి, మైనస్ పెద్ద ఎమ్, దానికి ఆనించి పెద్ద అక్షరాల్లో సీజీఐ, ఖాళీ, మైనస్ చిన్న ఈ, ఖాళీ, 1 అని ఇవ్వండి. ఏమీ అనకుండా తిరిగొస్తే మాడ్యూల్ ఉన్నట్టు. సీజీఐ పీఎం ఫైలు దొరకలేదని వస్తే డెబియన్, ఉబుంటులలో లిబ్‌సీజీఐ-పీఎం-పెర్ల్ ప్యాకేజీని, ఫెడోరా కుటుంబంలో పెర్ల్-సీజీఐ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేయండి.

ఫోల్డర్లు ఎక్కడ పెట్టాలి

టపాల ఫోల్డర్‌ను వెబ్‌సైటు ఫైళ్లుండే డాక్యుమెంట్ రూట్‌లో పెట్టకండి. అక్కడ పెడితే టపాల ముడి ఫైళ్లు, అచ్చుకాని చిత్తుప్రతులు, మూసలు అన్నీ బ్రౌజర్‌లో నేరుగా తెరుచుకుంటాయి. బయట ఒక చోటు చూసుకోండి. ఇక్కడ /వార్/బ్లాగ్ అనుకుందాం. అందులో మూడు ఫోల్డర్లు కావాలి: టపాలకు ఎంట్రీస్, ప్లగిన్లకు ప్లగిన్స్, ప్లగిన్లు తమ లెక్కలు రాసుకోవడానికి స్టేట్.

ఎంట్రీస్, ప్లగిన్స్ ఫోల్డర్లకు యజమాని మీ యూజరే. పర్మిషన్ ఫోల్డర్లకు 755, లోపలి ఫైళ్లకు 644. వెబ్ సర్వర్ వీటిని చదివితే చాలు, అక్కడ రాయాల్సిన అవసరం దానికి లేదు. స్టేట్ ఫోల్డర్ ఒక్కటే మినహాయింపు. దానికి యజమానిగా వెబ్ సర్వర్ యూజర్ ఉండాలి. ఆ యూజర్ పేరు డెబియన్, ఉబుంటులలో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా, ఫెడోరా కుటుంబంలో అపాచీ. పని జరగడం లేదని అన్నిటికీ 777 ఇచ్చేయడం చాలాచోట్ల కనిపించే సలహా. అది సమస్యను తీర్చకపోగా కొత్తది తెస్తుంది. స్క్రిప్టును దాని యజమాని పేరుతో నడిపే ఎస్‌యూఎగ్జెక్ ఉన్న షేర్డ్ హోస్టింగుల్లో గ్రూపుకో, ఇతరులకో రాసే హక్కున్న స్క్రిప్టును సర్వర్ నడపనే నడపదు, 500 ఎర్రర్ విసురుతుంది.

టపాలను హోమ్ ఫోల్డర్‌లోనే ఉంచుకోవాలనుకునే వాళ్లు ఒకటి గమనించాలి. లోపలి ఫైలుకు 644 ఇచ్చినా, దారిలోని ప్రతి ఫోల్డర్‌లోకీ వెబ్ సర్వర్ అడుగుపెట్టగలగాలి. ఉబుంటు 21.04 నుంచి కొత్త యూజర్ల హోమ్ ఫోల్డర్‌కు 750 పర్మిషన్ వస్తోంది, అంటే వెబ్ సర్వర్‌కు గడప దగ్గరే అడ్డు. ఇలాంటప్పుడు బ్లాసమ్ ఎర్రర్ ఏదీ చూపదు, ఒక్క టపా కూడా లేని ఖాళీ బ్లాగు చూపిస్తుంది. నేమ్ఐ కమాండుకు మైనస్ ఎల్ జతచేసి ఫైలు దారి ఇస్తే, మెట్టుమెట్టుకూ పర్మిషన్ ఏమిటో వరుసగా కనిపిస్తుంది.

స్క్రిప్టును సర్దడం

డెబియన్, ఉబుంటులలో సీజీఐ స్క్రిప్టుల చోటు /యూఎస్ఆర్/లిబ్/సీజీఐ-బిన్. ఫెడోరా కుటుంబంలో /వార్/డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ/సీజీఐ-బిన్. స్క్రిప్టును అక్కడికి కాపీ చేసి 755 ఇవ్వండి. 711 చాలదు. పెర్ల్ ఆ ఫైలును నడపడానికి ముందు చదవాలి కదా.

ఇప్పుడు స్క్రిప్టును ఎడిటర్‌లో తెరవండి. పైభాగంలో డాలర్ గుర్తుతో మొదలయ్యే పేర్లు వరుసగా ఉంటాయి, ఒక్కోదాని పైన ఒక ప్రశ్న కామెంటుగా ఉంటుంది. ఆ ప్రశ్నలకు జవాబులివ్వడమే కాన్ఫిగరేషన్ మొత్తం.

1. బ్లాగ్_టైటిల్, బ్లాగ్_డిస్క్రిప్షన్, బ్లాగ్_లాంగ్వేజ్: శీర్షిక, ఒక వాక్యం వివరణ, భాష కోడు. తెలుగుకు కోడు టీఈ. 2.1లో దీని తర్వాత బ్లాగ్_ఎన్‌కోడింగ్ కూడా ఉంటుంది, దాన్ని యూటీఎఫ్-8గానే ఉంచండి.

2. డేటాడిర్: టపాల ఫోల్డర్ పూర్తి దారి. ఇది స్లాష్‌తో మొదలవ్వాలి. హోమ్ ఫోల్డర్‌ను సూచించే టిల్డె గుర్తు ఇక్కడ పనిచేయదు, అది షెల్‌కు మాత్రమే తెలిసిన భాష.

3. యూఆర్‌ఎల్: ఖాళీగా వదిలేస్తే స్క్రిప్టు తనంతట తానే ఊహించుకుంటుంది. వదలకండి. ముందు ప్రాక్సీ ఉండి, అది హెచ్‌టీటీపీఎస్‌ను విప్పి లోపలికి హెచ్‌టీటీపీగా పంపుతుంటే, లింకులన్నీ హెచ్‌టీటీపీతో పుట్టుకొస్తాయి. పూర్తి చిరునామా రాయండి, చివర స్లాష్ పెట్టకండి. పెట్టినా స్క్రిప్టు దాన్ని తీసేస్తుంది.

4. డెప్త్: ఎన్ని అంతస్తుల లోపలికి వెతకాలో. 0 అంటే హద్దు లేదు. 1 అంటే పై ఫోల్డర్ మాత్రమే, వర్గాల ఫోల్డర్లలోకి పోదు.

5. నమ్_ఎంట్రీస్: ఒక పేజీలో ఎన్ని టపాలు. మొదట 40 ఉంటుంది. పొడవాటి టపాలు రాసేవాళ్లకు అది ఎక్కువే, 10 నయం.

6. ఫైల్_ఎక్స్‌టెన్షన్: టీఎక్స్‌టీ. ఇందులో చుక్క పెట్టకూడదు.

7. డిఫాల్ట్_ఫ్లేవర్: హెచ్‌టీఎంఎల్ అని ఉంటుంది, అలాగే ఉంచండి. ఫ్లేవర్ అంటే పేజీ ఏ రూపంలో రావాలన్నది. దాని స్పెల్లింగులో ఓ తర్వాత యూ ఉంటుంది.

8. షో_ఫ్యూచర్_ఎంట్రీస్: 0 అంటే భవిష్యత్తు తేదీ ఉన్న టపాలు దాగి ఉంటాయి, ఆ సమయం రాగానే బయటపడతాయి. షెడ్యూలింగ్ అనేదానికి ఇంతకన్నా సులువైన పద్ధతి ఉండదు.

9. ప్లగిన్_డిర్, ప్లగిన్_స్టేట్_డిర్: ముందు చేసిన రెండు ఫోల్డర్ల దారులు.

మిగిలినవి స్టాటిక్ పేజీలకు, అంటే ముందే తయారుచేసి పెట్టుకునే పేజీలకు, సంబంధించినవి, వాటిని ఇప్పుడు ముట్టుకోకండి.

జవాబులు కొటేషన్ గుర్తుల మధ్య ఉండాలి, వరుస చివర సెమీకోలన్ ఉండాలి. శీర్షికలో అట్ గుర్తు గానీ డాలర్ గుర్తు గానీ వాడాలనుకుంటే దాని ముందు బ్యాక్‌స్లాష్ పెట్టండి. లేకపోతే జంట కొటేషన్ల మధ్య పెర్ల్ దాన్ని వేరియబుల్ అనుకుంటుంది. సేవ్ చేశాక పెర్ల్ కమాండుకు మైనస్ చిన్న సీ జతచేసి ఫైలు పేరిస్తే సింటాక్స్ సరిగ్గా ఉందో లేదో చెబుతుంది. ఆ తర్వాత మైనస్ సీ లేకుండా స్క్రిప్టును టెర్మినల్‌లోనే నడపండి. మొదట కంటెంట్-టైప్ వరుస, కింద పేజీ హెచ్‌టీఎంఎల్ వస్తే స్క్రిప్టు సిద్ధం. ఇక్కడ నడిచి బ్రౌజర్‌లో నడవకపోతే తప్పు స్క్రిప్టులో లేదు, అపాచీలోనో పర్మిషన్లలోనో ఉంది. ఈ విభజన తెలిస్తే గంటల వెతుకులాట తప్పుతుంది.

విండోస్‌లో ఎడిట్ చేసి అప్‌లోడ్ చేసేవాళ్లకు ఒక మాట. విండోస్ ఎడిటర్లు ప్రతి వరుస చివరా అదనంగా ఒక కనిపించని అక్షరాన్ని పెడతాయి. స్క్రిప్టు మొదటి వరుసలో పెర్ల్ దారి ఉంటుంది, ఆ అక్షరం దానికి అంటుకుంటే లైనక్స్ అలాంటి పేరున్న ప్రోగ్రాం కోసం వెతికి, ఫైలు లేదని చెబుతుంది. ఫైలు కళ్లెదుటే ఉంటుంది, సర్వరేమో లేదంటుంది. డాస్2యూనిక్స్ కమాండుతో ఒకసారి శుభ్రం చేస్తే తీరిపోతుంది.

అపాచీకి చెప్పడం

డెబియన్, ఉబుంటులలో సీజీఐ మాడ్యూల్ మొదట ఆన్‌లో ఉండదు. ఏ2ఎన్‌మాడ్ సీజీఐ అని ఇచ్చి అపాచీని రీస్టార్ట్ చేయండి. మాడ్యూల్ లేనప్పుడు అక్కడి డిఫాల్ట్ కాన్ఫిగరేషన్‌లో సీజీఐ-బిన్ అనే దారే ఏర్పడదు. అందుకే స్క్రిప్టు ఉన్నచోటే ఉన్నా 404 వస్తుంది.

ఇప్పుడు బ్రౌజర్‌లో మీ సైటు పేరు, స్లాష్, సీజీఐ-బిన్, స్లాష్, స్క్రిప్టు పేరు ఇస్తే ఖాళీ బ్లాగు తెరుచుకోవాలి. తెరుచుకుంటే చిరునామాను పొట్టి చేసుకోవచ్చు. వర్చువల్ హోస్ట్ ఫైలులో ఒక్క వరుస చాలు: స్క్రిప్ట్‌ఏలియస్, ఖాళీ, /బ్లాగ్, ఖాళీ, స్క్రిప్టు పూర్తి దారి. రెండింటి చివరా స్లాష్ ఉండకూడదు. ఒకదానికి ఉండి రెండోదానికి లేకపోతే దారులు తప్పుగా అతుక్కుని ముఖపుట మాత్రమే వస్తుంది, లేదా అదీ రాదు. ఇలా మార్చాక స్క్రిప్టులోని యూఆర్‌ఎల్ విలువనూ దానికి తగ్గట్టు మార్చండి. అపాచీసీటీఎల్ కాన్ఫిగ్‌టెస్ట్ అని ఇచ్చి, సింటాక్స్ ఓకే అన్నాకే రీలోడ్ చేయండి.

స్క్రిప్టును సీజీఐ-బిన్‌లో కాక సొంత చోట పెట్టుకుంటే, ఆ ఫోల్డర్‌కు డైరెక్టరీ బ్లాకు రాసి, అందులో ఆప్షన్స్ ప్లస్ ఎగ్జెక్‌సీజీఐ, రిక్వైర్ ఆల్ గ్రాంటెడ్ అనే రెండు వరుసలు పెట్టాలి. రెండోది లేకపోతే 403 వస్తుంది.

ఫెడోరా కుటుంబంలో ఎస్‌ఈలైనక్స్ అనే కావలి ఇంకొకటి ఉంటుంది. పర్మిషన్లు అన్నీ సరిగ్గా ఉన్నా అది ఆపగలదు. ఫైలును హోమ్ ఫోల్డర్ నుంచి ఎంవీ కమాండుతో తరలిస్తే పాత లేబుల్ దానితోనే వస్తుంది. సీపీతో కాపీ చేస్తే కొత్త చోటి లేబుల్ పడుతుంది. సందేహముంటే ఎల్ఎస్‌కు మైనస్ పెద్ద జెడ్ జతచేసి లేబుళ్లు చూడండి, రీస్టోర్‌కాన్ కమాండుకు మైనస్ పెద్ద ఆర్ జతచేసి సరిచేయండి. ఎస్‌ఈలైనక్స్‌ను మొత్తంగా ఆపేయడం మాత్రం పరిష్కారం కాదు.

మొదటి టపా

ఎంట్రీస్ ఫోల్డర్‌లో ఒక టెక్స్ట్ ఫైలు తెరవండి. మొదటి వరుస శీర్షిక, రెండో వరుస నుంచి విషయం. ఫైలును యూటీఎఫ్-8గా, బీఓఎం లేకుండా సేవ్ చేయండి. బీఓఎం అంటే కొన్ని ఎడిటర్లు ఫైలు మొదట్లో చేర్చే కనిపించని గుర్తు. అది ఉంటే నేరుగా శీర్షికకు అతుక్కుంటుంది, కొన్నిచోట్ల వింత గుర్తులుగా కనిపిస్తుంది.

విషయాన్ని బ్లాసమ్ ఉన్నదున్నట్టు పంపేస్తుంది. అంటే అది హెచ్‌టీఎంఎల్‌లో ఉండాలి. ఖాళీ వరుస వదిలినంత మాత్రాన కొత్త పేరా రాదు, పీ ట్యాగు పెట్టాలి. ఇది విసుగనిపిస్తే, మామూలు టెక్స్టును హెచ్‌టీఎంఎల్‌గా మార్చే మార్క్‌డౌన్ ప్లగిన్ ఉంది, కింద చూద్దాం.

ఫైలు పేర్ల విషయంలో బ్లాసమ్ మహా పట్టింపు మనిషి. ఎక్స్‌టెన్షన్ చిన్న అక్షరాల్లోనే ఉండాలి. పెద్ద అక్షరాల్లో ఉంటే ఆ ఫైలును లెక్కలోకి తీసుకోదు. చుక్కతో మొదలయ్యే ఫైళ్లను, ఇండెక్స్ అనే పేరున్న టెక్స్ట్ ఫైలును వదిలేస్తుంది. చిత్తుప్రతికి ఈ గుణం బాగా పనికొస్తుంది. ఎక్స్‌టెన్షన్‌ను డ్రాఫ్ట్ అని ఉంచి రాసుకోండి, పూర్తయ్యాక టీఎక్స్‌టీగా మార్చండి. ప్రచురణ అంటే అంతే.

వర్గం కావాలంటే ఎంట్రీస్ లోపల ఫోల్డర్ చేసి టపాను అందులో వేయాలి. ఈ ఫోల్డర్ పేరు ఇంగ్లీషు అక్షరంతోనే మొదలవ్వాలి. చిరునామాలో ఇంగ్లీషు అక్షరంతో మొదలైన ముక్కను బ్లాసమ్ వర్గంగా, అంకెలను సంవత్సరం, నెల, రోజుగా చదువుతుంది. 2024 అని ఫోల్డర్ పెడితే అది వర్గం కాదు, ఆ ఏడాది టపాల జాబితా అవుతుంది. తెలుగు అక్షరాలతో పెట్టిన ఫోల్డర్ పేరైతే రెంటికీ చెందదు. టపాల శీర్షికలు, విషయం తెలుగులో నిశ్చింతగా రాసుకోండి, ఫైళ్ల పేర్లూ ఫోల్డర్ల పేర్లూ మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాలు, అంకెలు, హైఫన్లతో సరిపెట్టుకోండి.

టపా పెట్టినా కనిపించకపోతే ఈ వరుసలో చూడండి: ఎక్స్‌టెన్షన్ సరిగ్గా ఉందా, వెబ్ సర్వర్ ఆ ఫైలును చదవగలదా, ఫైలు తేదీ భవిష్యత్తులో లేదు కదా, డెప్త్ హద్దు దాటి లోపల లేదు కదా, తేదీ పాతదై మొదటి పేజీ టపాల సంఖ్యకు కిందికి జారిపోలేదు కదా. వీటిలో దేనికీ ఎర్రర్ లాగ్‌లో ఒక్క ముక్క కూడా పడదు.

తేదీల తంటా

బ్లాసమ్ వాడకంలో అసలు నేర్చుకోవలసింది ఇదే. టపా తేదీ అంటే ఫైలు చివరిసారి మారిన సమయం. మూడేళ్ల కిందటి టపాలో ఒక అచ్చుతప్పు దిద్ది సేవ్ చేస్తే అది ఈ రోజు టపా అయిపోయి ముఖపుట నెత్తికెక్కుతుంది. ఫీడ్ చదివేవాళ్లకు మళ్లీ కొత్తగా చేరుతుంది.

చేత్తో కాపాడుకోవాలంటే టచ్ కమాండు ఉంది. దిద్దే ముందు టచ్ మైనస్ ఆర్, టపా ఫైలు పేరు, ఒక తాత్కాలిక ఫైలు పేరు ఇచ్చి తేదీని దాచండి. దిద్దాక అదే కమాండులో రెండు పేర్లను తారుమారు చేసి ఇస్తే పాత తేదీ తిరిగొస్తుంది. ఫలానా తేదీయే కావాలంటే టచ్ మైనస్ టీ తర్వాత ఏడాది, నెల, రోజు, గంట, నిమిషం కలిపి 202401151030 అన్నట్టుగా ఇచ్చి, ఫైలు పేరు చేర్చండి. దాంతో అది 2024 జనవరి 15 ఉదయం పదిన్నర టపా అవుతుంది.

ప్రతిసారీ ఇది చేయలేమనుకుంటే ఎంట్రీస్_ఇండెక్స్ ప్లగిన్ పెట్టండి. ఒక టపాను మొదటిసారి చూసినప్పటి తేదీని అది స్టేట్ ఫోల్డర్‌లో రాసిపెట్టుకుని, తర్వాత ఎన్నిసార్లు దిద్దినా దాన్నే వాడుతుంది. అందుకే ఆ ఫోల్డర్‌లో వెబ్ సర్వర్ రాయగలగాలి, అందుకే బ్యాకప్‌లో ఆ ఫోల్డరూ ఉండాలి.

సర్వర్ మార్చేటప్పుడు అసలు గండం. ఎఫ్‌టీపీతో ఎక్కిస్తే చాలాసార్లు ఎక్కించిన సమయమే తేదీ అవుతుంది. సాదా సీపీ కూడా అంతే, సీపీ మైనస్ పీ అయితే తేదీ నిలుస్తుంది. ఎస్‌సీపీకీ మైనస్ పీ ఇవ్వాలి. ఆర్‌సింక్ మైనస్ ఏ, టార్ రెండూ తేదీలను అలాగే మోస్తాయి. గిట్ మోయదు. ఫైళ్ల మార్పు సమయాన్ని అది నమోదే చేసుకోదు కనుక, క్లోన్ చేసిన క్షణమే అన్ని టపాలకూ తేదీ అయిపోతుంది. టపాలను గిట్‌లో ఉంచుకోవడం మంచి అలవాటే, కానీ బ్లాసమ్‌తో వాడితే తేదీల జాబితాను విడిగా ఒక ఫైలులో రాసి ఉంచుకుని, క్లోన్ చేశాక టచ్‌తో తిరిగి పెట్టే చిన్న స్క్రిప్టు తప్పనిసరి.

సర్వర్ గడియారం వేరే సమయమండలంలో ఉంటే టపాల కింద గంటలు తేడాగా కనిపిస్తాయి. వర్చువల్ హోస్ట్‌లో సెట్‌ఎన్వ్ టీజెడ్ అని రాసి, మీ సమయమండలం పేరిస్తే స్క్రిప్టు దాన్ని పాటిస్తుంది. అందుకు ఎన్వ్ మాడ్యూల్ ఆన్‌లో ఉండాలి.

మూసలు

పేజీ రూపాన్ని ఐదు చిన్న ఫైళ్లు నిర్ణయిస్తాయి: కంటెంట్_టైప్, హెడ్, డేట్, స్టోరీ, ఫుట్. ఒక్కోదానికి ఎక్స్‌టెన్షన్ ఫ్లేవర్ పేరు, మామూలుగా హెచ్‌టీఎంఎల్. వీటిని ఎంట్రీస్ ఫోల్డర్‌లోనే పెట్టాలి. లేకపోతే స్క్రిప్టు అడుగున ఉన్న సొంత మూసలను వాడుకుంటుంది. వర్గం ఫోల్డర్‌లో వేరే హెడ్ ఫైలు పెడితే ఆ వర్గానికి అదే వర్తిస్తుంది. అక్కడ దొరకనిదాని కోసం ఒక్కో మెట్టు పైకి వెతుక్కుంటూ పోతుంది.

కంటెంట్_టైప్ ఫైలులో ఒకే వరుస: టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్, సెమీకోలన్, చార్‌సెట్ సమానం యూటీఎఫ్-8. తెలుగు అక్షరాల బదులు గజిబిజి గుర్తులు వస్తుంటే మొదట చూడవలసింది ఇక్కడే. స్టోరీ ఫైలులో డాలర్ టైటిల్, డాలర్ బాడీ అని రాసిన చోట శీర్షిక, విషయం వచ్చి కూర్చుంటాయి. శాశ్వత లింకుకు డాలర్ యూఆర్‌ఎల్, డాలర్ పాత్, స్లాష్, డాలర్ ఎఫ్ఎన్, చుక్క, డాలర్ ఫ్లేవర్ వరుసగా కలపండి.

మూసలో డాలర్ గుర్తు తర్వాత అక్షరమో అంకో వచ్చిందంటే బ్లాసమ్ దాన్ని తన వేరియబుల్‌గానే చూస్తుంది, అలాంటిదేదీ లేకపోతే ఆ ముక్కను తుడిచేస్తుంది. హెడ్ ఫైలులో జావాస్క్రిప్టు రాసి, అందులో డాలర్‌తో మొదలయ్యే పేర్లు వాడితే అవి మాయమైపోతాయి. జావాస్క్రిప్టును వేరే ఫైలులో పెట్టి లింకు ఇవ్వండి. టపా విషయంలో రాసిన డాలర్లకు ఈ బెడద లేదు.

ఫీడ్ కోసం ప్రత్యేకంగా ఏమీ చేయనక్కర్లేదు. బ్లాగు చిరునామా చివర ఇండెక్స్ చుక్క ఆర్‌ఎస్‌ఎస్ అని పెడితే ఫీడ్ వస్తుంది, వర్గం చిరునామాకు పెడితే ఆ వర్గం ఫీడ్ వస్తుంది. 2.0లో ఇది ఆర్‌ఎస్‌ఎస్ 0.91 రూపంలో ఉంటుంది.

ప్లగిన్లు

ప్లగిన్ ఫైలును ప్లగిన్స్ ఫోల్డర్‌లో వేస్తే చాలు, ఆన్ అయినట్టే. పేరులో అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప మరేవీ ఉండకూడదు. చుక్క ఉన్నా హైఫన్ ఉన్నా అది లోడ్ కాదు. జాన్ గ్రూబర్ 2004లో విడుదల చేసిన అసలు మార్క్‌డౌన్ స్క్రిప్టు అలాగే బ్లాసమ్ ప్లగిన్‌గా పనిచేస్తుంది. కానీ దాని పేరు చివరి చుక్క పీఎల్ తీసేయాలి, మొదటి ఎమ్ పెద్ద అక్షరంగా ఉండాలి. పేరు లోపలి ప్యాకేజీ పేరుతో సరిపోలాలి కనుక.

ప్లగిన్లు పేర్ల అక్షర క్రమంలో నడుస్తాయి. ఒకటి మరొకదానికన్నా ముందు నడవాలంటే పేరు ముందు 00, 10 లాంటి అంకెలు పెట్టండి. ఆపాలంటే పేరు చివర అండర్‌స్కోర్ చేర్చండి. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఆపిన ప్లగిన్‌ను కూడా బ్లాసమ్ చదివి లోడ్ చేస్తుంది, వాడకుండా పక్కన పెడుతుంది, అంతే. 2.0లో దానిలో సింటాక్స్ తప్పుంటే బ్లాగు మొత్తం 500 ఎర్రర్‌తో కూలుతుంది. తప్పున్న ప్లగిన్‌కు అండర్‌స్కోర్ పెట్టి లాభం లేదు, ఫోల్డర్ నుంచే బయటికి తీసేయాలి.

500 వచ్చినప్పుడు

ఊహలు కట్టిపెట్టి ఎర్రర్ లాగ్ తెరవండి. డెబియన్, ఉబుంటులలో /వార్/లాగ్/అపాచీ2 కింద, ఫెడోరా కుటుంబంలో /వార్/లాగ్/హెచ్‌టీటీపీడీ కింద ఉంటుంది. టెయిల్ మైనస్ ఎఫ్‌తో దాన్ని తెరిచి ఉంచి, బ్రౌజర్‌లో పేజీని రీలోడ్ చేస్తే తాజా వరుస పడుతుంది. పర్మిషన్ డినైడ్ అంటే స్క్రిప్టుకు 755 లేదు, లేదా ఎస్‌ఈలైనక్స్ అడ్డుకుంది. నో సచ్ ఫైల్ అంటే విండోస్ వరుసల సమస్య, లేదా మొదటి వరుసలోని పెర్ల్ దారి తప్పు. కాంట్ లొకేట్ అంటే మాడ్యూల్ లేదు. ప్రీమెచ్యూర్ ఎండ్ అనో, ఎండ్ ఆఫ్ స్క్రిప్ట్ అవుట్‌పుట్ బిఫోర్ హెడర్స్ అనో వస్తే అది ఫలితం మాత్రమే, కారణం సాధారణంగా దాని పై వరుసలో ఉంటుంది. పేజీ బదులు స్క్రిప్టు కోడే తెరమీద కనిపిస్తే అపాచీ దాన్ని ప్రోగ్రాంగా గుర్తించడం లేదు. స్క్రిప్ట్‌ఏలియస్ వరుసను వెంటనే సరిచేయండి, ఈలోపు కోడులో స్టాటిక్ పేజీల పాస్‌వర్డ్ పెట్టి ఉంటే అదీ బయటి వాళ్లకు కనిపిస్తూ ఉంటుంది.

స్టాటిక్ పేజీలు, ఎన్‌జిన్‌ఎక్స్

ప్రతి క్లిక్కుకూ స్క్రిప్టు ఫోల్డర్ అంతా గాలిస్తుంది. వందల్లో టపాలుంటే తెలియదు, వేలల్లోకి వెళ్తే నెమ్మది తెలుస్తుంది. అప్పుడు పేజీలన్నీ ముందే తయారుచేసి పెట్టుకోవడం మేలు. ఎన్‌జిన్‌ఎక్స్‌కు సొంతంగా సీజీఐ నడిపే శక్తి లేదు. ఎఫ్‌సీజీఐర్యాప్ అనే మధ్యవర్తి ద్వారా నడపవచ్చు గానీ, దానికన్నా ఈ దారే సుఖం.

స్క్రిప్టులో స్టాటిక్_డిర్‌కు పేజీలు పడవలసిన ఫోల్డర్, స్టాటిక్_పాస్‌వర్డ్‌కు ఒక పాస్‌వర్డ్ ఇవ్వండి. అది ఖాళీగా ఉంటే ఈ పద్ధతి నడవదు. స్టాటిక్_ఎంట్రీస్‌కు 1 ఇస్తేనే ఒక్కో టపాకు విడి పేజీ పుడుతుంది. యూఆర్‌ఎల్ తప్పక నిండి ఉండాలి, లేకపోతే లింకులన్నీ లోకల్‌హోస్ట్‌కు పోతాయి. తర్వాత టెర్మినల్‌లో స్క్రిప్టును మైనస్ పాస్‌వర్డ్ సమానం మీ పాస్‌వర్డ్ అని జతచేసి నడపండి.

ఇలా నడిపితే మారిన టపాల పేజీలే మళ్లీ తయారవుతాయి. ఏది మారిందో తేదీలు పోల్చే తేల్చుకుంటుంది, కాబట్టి పాత తేదీతో పెట్టిన కొత్త టపా దానికి మారినట్టు కనిపించకపోవచ్చు. మూసలు మార్చినా తెలియదు. ఈ రెండు సందర్భాల్లోనూ మైనస్ ఆల్ సమానం 1 చేర్చి మొత్తం తిరిగి కట్టించాలి. చెరిపేసిన టపాల పాత పేజీలను స్క్రిప్టు తీయదు, వాటిని మీరే చెరపాలి.

గంటకోసారి తానే నడవాలంటే మీ యూజర్ క్రాన్‌ట్యాబ్‌లో 7 * * * * అని మొదలుపెట్టి ఆ తర్వాత కమాండు రాయండి, ప్రతి గంటకూ ఏడో నిమిషాన నడుస్తుంది. మైనస్ క్వయిట్ సమానం 1 చేరిస్తే ప్రతిసారీ పేజీల జాబితా మెయిలుగా రాదు. ఎన్‌జిన్‌ఎక్స్‌లో ఆ సైటు రూట్‌ను స్టాటిక్_డిర్‌కు చూపండి. స్క్రిప్టును సీజీఐ-బిన్ నుంచి తీసేసి మీ హోమ్ ఫోల్డర్‌లో 700 పర్మిషన్‌తో ఉంచుకోవచ్చు. దాన్ని ఇక వెబ్ సర్వర్ చూడవలసిన పనే ఉండదు.